పెద్దమ్మ పిడికిట్లో అక్షింతలు

నా చిన్నప్పుడు పద్మనగర్‌లో, మగ్గాల పనికి వలస వచ్చిన తెలుగువాళ్ళు వరుస గదుల్లో ఉండే మా చాళీ మొత్తంలో తెలుగు గడగడా చదివే పిల్లను నేనొక్కదాన్నే. మిగతా పిల్లలు మరాఠీ బడికి పోయేవారు. నాకు జబ్బు చేసి బడి తప్పిపోతే, మా బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. కార్ఖానాకు పోయే ముందు చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకుని, నిన్నటి కంటే ఇవాళ ఎంత తొందరగా పేజీ ముగించానో చూసేవాడు. ఏం చదివావని అడిగేంత తీరిక ఆయనకు ఉండేది కాదు. తొందరగా చదవడమే చదువనుకున్నాను.

శ్రావణంలో చాళీ ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే వ్రతం చేసుకునేవారు. కథ చదివేది నేను. వినేవాళ్ళు కుడి పిడికిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చునేవారు. కథ ముగిశాక వాటిని అమ్మవారి ముందు వేసి, అప్పుడే ఒక్కపొద్దు విడిచేవారు. ఆ ఏడు పక్కింటి పెద్దమ్మ మొక్కుకుని కూర్చుంది. మరమగ్గంలో చేయి నలిగి ఆమె పెనిమిటి పెద్దబాపు రెండు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. ఆమె కూలికి నూలు కండెలు చుట్టి ఇల్లు నడుపుతోంది. కథలో ఇల్లాలి కష్టం తీరినట్టే తన కష్టమూ తీరాలని ఆమె ఆశ.

ఆ రోజు ఎప్పటికంటే తొందరగా ముగించాను. అందరూ మెచ్చుకుంటుంటే పెద్దమ్మ మెల్లగా అడిగింది.

“బిడ్డా, ఆమె పెనిమిటి మంచిగైంది చదవకపోతివి. నడుమ ఏమన్న పోయిందా?”

“ఒక్క అక్షరం ఇడ్వలే పెద్దమ్మా. అయినా నీకు చదువే రాదు, నీకెట్ల తెలుస్తది?”

ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టే నవ్వి తల దించుకుంది.

మధ్యాహ్నం అమ్మ ప్రసాదమిచ్చి నన్ను పెద్దమ్మ వాళ్ళింటికి పంపింది. నూలు అలాగే ఉంది. ఒక్క కండె కూడా చుట్టలేదు. పెద్దమ్మ గోడకానుకుని కూర్చుంది, అక్షింతలు పట్టిన కుడి పిడికిలి ఇంకా మూసే ఉంది. “ఆడ పెట్టు బిడ్డా, తర్వాత తింట” అంది.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. పోయిన ఏడు పడిన పసుపు నీళ్ళకు రెండు పేజీలు అతుక్కుని ఉన్నాయి. వాటికి ముందు పేజీ చివర ఆ ఇల్లాలి భర్త మంచాన పడి ఉన్నాడు. తరువాతి పేజీ మొదట్లో ఇద్దరూ బండెక్కి గుడికి పోతున్నారు. పడుకున్నవాడు ఎట్లా లేచాడని చదివిన నాకే అనుమానం రాలేదు. చదువు రాని ఆమెకు వచ్చింది.

పేజీలు విడదీసి, పుస్తకం పట్టుకుని ఆమె గడపలో నిలబడ్డాను. ఆమే చాప వేసింది. “మెల్లగ చదువు. నాకేం తొందర లేదు” అంది. నాలుగు వరుసలు కాగానే ఆపి, పుస్తకం మూసి నా మాటల్లో చెప్పమంది. మొదటిసారి చెప్పలేకపోయాను. మళ్ళీ చదివించింది. అట్లా ఆ రెండు పేజీలు ముగిసేసరికి కథలోని మనిషి లేచి కూర్చున్నాడు. అప్పుడు ఆమె పిడికిలి విప్పింది. బియ్యం చెమటకు ముద్దయి ఉంది. సగం అమ్మవారి పటం ముందు వేసి, మిగిలిన సగం నా తల మీద వేసింది. ఆ తరువాతే ప్రసాదం నోట్లో పెట్టుకుంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను అన్న మాటకు క్షమించమని అడుగుదామనుకుంటూనే ఉండిపోయాను. ఆ లోపే ఆమె కాలం చేసింది. ఇప్పుడు మా గల్లీ పిల్లలు చదువుకోవడానికి నా దగ్గరికి వస్తారు. వాళ్ళు ఫోన్లో టైం పెట్టుకుని చదువులో పరుగెత్తుతుంటే, పుస్తకం మూసి చెప్పమంటాను. అర్థమైతే వేగం దానంతటదే వస్తుందని వాళ్ళతో అంటాను. అది ఆ తల్లి పెట్టిన భిక్షే.

శ్రావణంలో కథ ఇప్పటికీ నేనే చదువుతాను. పేజీ తిప్పే ముందు ఒక్కసారి తలెత్తి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ పిడికిళ్ళ వైపు చూస్తాను.