సదరం పింఛనుకు అడ్డొచ్చిన నా రిటర్న్

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఎక్కబోతుంటే ఫోన్ ఎడమ చేతిలోంచి జారింది. తీసుకున్నాను. మళ్లీ జారింది. మూడోసారి పట్టుకునే ఉన్నాననుకున్నాను. చూస్తే నేల మీద ఉంది.

హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి. ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లులో ఉద్యోగం దొరికి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. వారం తిరక్కుండా ఎడమ కాలు బరువెక్కింది. కర్నూలులో ఎమ్మారై తీశారు.

"మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల జబ్బు. స్టెరాయిడ్స్‌తో ఇప్పటికి తగ్గుతుంది. మళ్లీ ఎప్పుడు తిరగబెడుతుందో, ఆ రిలాప్స్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు," అన్నారు డాక్టర్.

కాలు సగమే కుదిరింది. ఉద్యోగం పోయింది. సదరం క్యాంపులో వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చారు. పింఛనుకు దరఖాస్తు పెట్టాను. ఇక మాత్రలకు అదే దిక్కు.

అది మొదలయ్యేదాకా గడవాలని, హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కట్టిన ప్రైవేటు పెన్షన్ ప్లాన్‌ను మూసేశాను. కంపెనీ పన్ను కోసుకుని మిగతాది వేసింది. ఒళ్లు మండింది. ఆ పన్ను వెనక్కి రాబట్టాలని ఫోన్ తీశాను.

పెద్దమ్మ మగ్గం ఆపింది. "ఆగప్పా. మన వార్డు సచివాలయంలో పనిసేసే ఆ పాపను ఒక మాట అడిగిరా. నీ పింఛను కాగితాలు ఆయమ్మ సేతిలో ఉండాయి."

"నా పైసలకు ఆమెనేంది అడిగేది? పది నిమిషాల పని."

"నీకన్నీ పది నిమిషాలే. ఫోను సెప్తే ఇంటావు, మడిసి సెప్తే ఇనవు."

ఫోన్లోనే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేశాను. పన్ను తిరిగొచ్చింది. స్క్రీన్ పెద్దమ్మ ముందు పెట్టి నవ్వాను.

కొత్త పింఛన్ల జాబితాలో నా పేరు లేదు. అప్పటికే మాత్రలు సాగదీయడానికి రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను. సచివాలయానికి పోయాను. ఆ అమ్మాయి కంప్యూటర్ నావైపు తిప్పింది.

"నువ్వు రిటర్న్ ఏసినావు గదా, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేటోనివని సూపిస్తాందన్నా. ఈడ నేను తీసేకి రాదు."

"అది ఆదాయం కాదు! నేను దాచుకున్నది!" అని ఎడమ చేత్తో బల్ల గుద్దాను. మళ్లీ గుద్దాను.

ఆమె నా మొహం చూడ్డం మానేసింది. "అన్నా, సేతికి రక్తమొస్తాంది."

చూశాను. బల్ల అంచు మేకు గీసుకుంది. నాకేమీ తెలియలేదు.

కర్నూలులో డాక్టర్ ఒక్కటే అడిగారు. "మాత్రలు ఎన్ని రోజులు తప్పించావు?" పెద్దమ్మ చెప్పింది.

ఇప్పుడు ప్లాన్ కాగితాలన్నీ జతచేసి మళ్లీ అర్జీ పెట్టాను. రోజూ పొద్దున్నే కుడి బొటనవేలితో ఫోన్‌లో ఆ అర్జీ తెరిచి చూస్తాను. పెండింగ్ అనే ఉంటుంది. నిన్నటి నుంచి ఆ వేలి కొస కూడా చిమచిమలాడుతోంది.

మీ పింఛను దరఖాస్తు నడుస్తుంటే, ప్రైవేటు ప్లాన్‌ను ముట్టుకునే ముందు, రిటర్న్ వేసే ముందు, ఆ కాగితాలు పట్టుకుని సచివాలయంలో అడగండి. మాకు అది ఐదిళ్ల దూరం. అప్పుడు నేను నడిచి వెళ్లగలిగేవాణ్ణి.