రెండు అద్దాల మధ్య చిలక

గాలి చొరబడని చోట ఒక బట్ట బొమ్మ దానంతటదే ఊగితే మీరు ముందు ఏం తెస్తారు, కొబ్బరికాయా, టార్చిలైటా?

నేను టార్చిలైటు మనిషిని. దయ్యాలు లేవని, మహిమలు లేవని వ్యాసాలు రాశాను, సభల్లో గొంతు పోయేలా వాదించాను. బాబాల చేతుల్లోంచి విభూతి ఎలా రాలుతుందో బడిపిల్లల ముందు చేసి చూపించాను. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇవాళ వెనక్కి తీసుకోను. కానీ నేను చూసింది చూసినట్టు రాయకపోతే, చూడనిది చూశామని చెప్పేవాళ్ళకూ నాకూ తేడా ఏముంటుంది?

మా ఫ్లాట్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో. ఎదురుగా మెట్రో పిల్లరు. సిగ్నల్ పడితే బస్సులు, ఆటోలు మా కిటికీ కిందే ఆగుతాయి. ఆకుపచ్చ లైటు వెలగకముందే అందరూ కలిసి హారన్ కొడతారు. ఏళ్ళ తరబడి మేము దాన్ని వానచప్పుడులా వింటూ బతికాం.

మా అమ్మాయి స్ఫూర్తి తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. మనవరాలు పుట్టింది. ఇల్లంతా సంబరం. అయితే ఆ పిల్లకు నిద్ర లేదు. కన్ను మూతపడగానే కింద హారన్. ఒళ్ళంతా అదిరి, రెండు చేతులూ గాల్లోకి లేపి ఒకటే ఏడుపు. తల్లికీ కునుకు లేదు. చివరికి స్ఫూర్తి తేల్చేసింది.

"నాన్నా, గిట్లయితే నాతోని కాదు. ఐదో నెల దాక ఉండుడు లేదు, ఏం లేదు. తొట్టెల ఫంక్షన్ అయిపోంగనే అడిక్‌మెట్ పోత. ఆడ మా అత్తగారింట్ల గల్లీ కుక్కలు తప్ప ఏం సప్పుడు ఉండది."

నా భార్య అనసూయ ముఖం చిన్నబోయింది. నా సంగతి చెప్పక్కర్లేదు. మనవరాలు మా దగ్గర ఉండేదీ లేనిదీ ఆ ఒక్క కిటికీ మీద ఆధారపడింది.

నారాయణగూడలో అద్దాల దుకాణానికి వెళ్ళాను. పాత కిటికీని కదిలించకుండా, లోపలివైపు ఇంకో దళసరి అద్దం బిగిస్తారట. రెండు అద్దాల మధ్య జానెడు ఖాళీ. చుట్టూ రబ్బరు పెట్టి, సిలికాన్‌తో మూసేస్తారు. గాలి దూరే సందు లేకపోతే చప్పుడు కూడా చాలావరకు ఆగిపోతుంది. ఇది సైన్సు. నాకు నచ్చింది.

అద్దం బిగించే రాములు ఫోన్ చేసి, "రేపు అమాస గదా సార్, ఎల్లుండి పెట్టుకుందాం" అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అమావాస్య నాడే, అదీ రాహుకాలంలోనే బిగించాలన్నాను. మా హేతువాద సంఘంలో మేమంతా ఇంతే. గృహప్రవేశాలైనా పెళ్ళిళ్ళైనా కావాలనే రాహుకాలంలో పెట్టుకుంటాం.

మర్నాడు రాములు ఆలస్యంగా వచ్చాడు. రాహుకాలం దాటిపోతుందేమోనని నేను గడియారం చూస్తూ అతన్ని తరమసాగాను.

"లోపల అద్దం ఇంకోసారి తుడుస్త సార్."

"అవసరం లేదు, బిగించు."

"జర ఆగున్రి సార్, రాహువు యాడికి పోడు."

వంటింట్లోంచి అనసూయ అందుకుంది. "రాహుకాలాన్ని మీ అంత నిష్ఠగ పట్టించుకునెటోళ్ళు మా కాచిగూడ సుట్టాలల్ల గూడ లేరు!"

అద్దం బిగిసింది. గీతలు పడకుండా దానికి అంటించిన కాగితాన్ని రాములు ఒలిచాడు. కింద బస్సులు నోళ్ళు మూసుకుని కదులుతున్నాయి. ఆ నిశ్శబ్దానికి అందరం చప్పట్లు కొట్టబోయి, పాప లేస్తుందని ఆగిపోయాం.

అప్పుడు కనిపించింది. పాత కిటికీ పై గడియకు దారంతో వేలాడుతున్న బట్ట చిలక. తొట్టెకు కట్టడానికి అనసూయ కుట్టిన చిలకల్లో ఒకటి. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు. నా తొందరలో ఎవరూ చూడలేదు. రెండు అద్దాల మధ్య బందీ అయిపోయింది.

"ముహూర్తం మంచిగ కుదిరింది నాన్నా" అని స్ఫూర్తి పడీపడీ నవ్వింది. తీయాలంటే సిలికాన్ కోయాలి. ఉండనిమ్మన్నాం.

మరుసటి మధ్యాహ్నం స్ఫూర్తి స్నానానికి వెళ్ళింది. పాప ఆకలికి ఏడుపు మొదలుపెట్టింది. ఎత్తుకుందామని పాప పక్క మీదికి వంగాను. కిటికీలో ఏదో కదిలినట్టయింది. చూస్తే చిలక ఊగుతోంది. కుడికీ ఎడమకీ, చేత్తో తొట్టె ఊపినంత నిదానంగా. పాప దాన్ని చూసింది. నోరు తెరిచే ఉంది, ఏడుపు మాత్రం ఆగిపోయింది. కాసేపటికి నిద్రపోయింది. చిలక కూడా నెమ్మదించి నిలిచిపోయింది.

మెట్రో అదురు అనుకున్నాను. రైళ్ళు వెళ్తూనే ఉన్నాయి, చిలక కదలదు. కిటికీ అంచున గిన్నెడు నీళ్ళు పెట్టాను. పాప ఏడ్చింది, చిలక ఊగింది, నీళ్ళలో చిన్న అల కూడా లేదు. ఫ్యాను ఆపాను. ఎండ వేడికేమో అనుకుంటే, మబ్బు పట్టిన రోజున కూడా ఊగింది. సిలికాన్‌లో సందు ఉందేమోనని అగరొత్తి వెలిగించి ఫ్రేము చుట్టూ తిప్పాను. పొగ నిటారుగా లేచింది. మా ఇంట్లో నేను అగరొత్తి వెలిగించడం అదే మొదటిసారి. అనసూయ గుమ్మంలో నిలబడి, "గంట గూడ తేవాల్నా?" అంది.

పాప ఏడుపును ఫోన్లో రికార్డు చేసి వినిపించాను. చిలక ఉలకలేదు. నేనే గట్టిగా ఏడ్చి చూశాను. చిలక ఊగలేదు గానీ, పాప మొదటిసారి బోసినవ్వు నవ్వింది. ఆ ప్రయోగాన్ని తర్వాత చాలాసార్లు చేశాను, సైన్సు కోసం కాదు.

స్ఫూర్తి అడిక్‌మెట్ మాట ఎత్తడం మానేసింది. తొట్టెల ఫంక్షన్ నాడు ఇల్లు కిక్కిరిసింది. పక్క ఫ్లాట్ సుగుణమ్మ గారు పళ్ళెంలో కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొచ్చారు.

"అన్నా, జర అద్దానికి బొట్టు పెట్టనియ్యి. అమ్మవారే చిలక రూపంల వచ్చింది."

"అక్కా, అది మా అనసూయ పాత జాకెట్టు ముక్క. కావాలంటే ఇంకో ముక్క ఇస్త, మీ దేవుని అర్రల పెట్టుకోండ్రి."

ఇల్లంతా నవ్వులు. కొబ్బరికాయ వంటింట్లోకి వెళ్ళి పచ్చడయింది. బొట్టు పెట్టనిచ్చి ఉంటే మర్నాటికల్లా మెట్ల మీద చెప్పులు, గుమ్మం దగ్గర హుండీ వచ్చేవి. పిల్ల నిద్ర మళ్ళీ పోయేది.

ఐదో నెలలో పద్ధతి ప్రకారం స్ఫూర్తినీ పాపనూ అత్తవారింటికి పంపాం. ఆ తర్వాత చిలక కదల్లేదు. రోజూ కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడేవాణ్ణి. ఎందుకని అనసూయ అడిగితే, పరిశీలన అనేవాణ్ణి. తను నమ్మలేదు.

మొన్న ఆదివారం స్ఫూర్తి పాపను తీసుకొచ్చింది. ఇప్పుడు పాకుతోంది. గుమ్మం తగిలి బోర్లా పడి ఏడుపందుకుంది. నేను పాపను చూడలేదు, ముందు కిటికీని చూశాను. చిలక ఊగుతోంది. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

కారణం నాకు తెలియదు. తెలియని దానికి దేవుడనో దయ్యమనో పేరు పెట్టి చేతులు దులుపుకోను. మీకు తెలుసా? అయితే రండి. కొబ్బరికాయ ఇంటి దగ్గరే వదిలి, మీ పరికరాలు తెచ్చుకుని ఆ అద్దం ముందు కూర్చోండి. నేను చూసింది తప్పంటే నిరూపించండి. ఒక్కటి మాత్రం ఈ రోజు నుంచే చేయండి. మా సిగ్నల్ దగ్గర హారన్ మీది నుంచి వేలు తీయండి. ప్రతి కిటికీకీ రెండో అద్దం లేదు, ప్రతి అద్దం వెనకా చిలక లేదు.