కుప్పంలో ఆగిపోయిన పదకొండు పేజీలు

మా రోజుల్లో అరబ్బీ నేర్చుకోవాలంటే మూడు ఊళ్ళు తిరగాలి. మదనపల్లెలో సర్ఫ్, పుంగనూరులో నహ్వ్, కుప్పంలో బలాగత్.

సర్ఫ్ అంటే మాట ఎట్లా పుడుతుందో చెప్పే శాస్త్రం. మూడక్షరాల ధాతువు ఒకటి చేతికిస్తే మా మదనపల్లె గురువు దాన్నుంచి తీసే రూపాలను వరసగా నిలబెడితే హార్స్‌లీ కొండ ఎక్కి, దిగి, ఇంకా కొన్ని టమోటా మార్కెట్టులో చోటు వెతుక్కునేవి. నహ్వ్ అంటే ఆ మాటలు వాక్యంలో దేనికి ఏది లోబడుతుందో తేల్చేది. పుంగనూరు గురువు ఒక వాక్యాన్ని పట్టుకున్నాడంటే వారం రోజులు నెమరు వేయించేవాడు. మాకు దవడలు నొప్పి పుట్టేవి. బలాగత్ అన్నిటికంటే పైమెట్టు. ఆ వాక్యం వినేవాడి మనసుకు ఎట్లా చేరుతుందో చెప్పేది. సందర్భానికి తగ్గట్టు మాట్లాడటం, పోలికలతో భావాన్ని చూపడం, చివరగా మన తెలుగు పండితులు శబ్దాలంకారం, అర్థాలంకారం అంటారే, అట్లాంటివి.

డెబ్బైల చివర్లో నేను కుప్పం చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా నాయన మదనపల్లెలో టైలరు. నేను కాజాలు కుడితే చొక్కా వేసుకున్నవాడు మళ్ళీ మా వీధిలోకి వచ్చేవాడు కాదు. అందుకే నన్ను చదువుకు వదిలేశాడు. కుప్పం గురువు డెబ్బై దాటిన మనిషి. పుస్తకాలకు అట్టలు కుట్టి బతికేవాడు. ఆయన దగ్గు మొదలైతే, నా లెక్కన, అంత దూరాన శాంతిపురంలో కోళ్ళు ఉలిక్కిపడేవి. ఆయనతో మేం సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడేవాళ్ళం. ఆయన్ను హజ్రత్ అనేవాళ్ళం.

ఏడాదిన్నర చదివాక, అలంకారాల భాగం మొదలయ్యేచోట ఆయన పుస్తకం మూసేశాడు.

"ఈడికి సాలప్పా."

"ఇంకా పదకొండు పేజీలు ఉండాయి కదా హజ్రత్?"

"ఉండాయి. నేను వాటిని మా గురువు ముందర సదవలేదు. సదవంది నీకెట్ల సెప్పేది?"

ఆ చదువు పద్ధతే అది. శిష్యుడు గురువు ముందు కూర్చుని పుస్తకాన్ని పంక్తి పంక్తీ పైకి చదవాలి. గురువు విని "ఊ" అంటేనే తర్వాతి పంక్తి. పుస్తకం ముగిశాక గురువు తన చేత్తో ఇజాజత్, అంటే అనుమతి, రాసిస్తాడు. అది ఉన్నంత మేరకే ఇంకొకరికి చెప్పవచ్చు.

నాకు తెలివి ఎక్కువ కదా. ఆ పదకొండు పేజీలూ సొంతంగా బట్టీ పట్టి, ఒకరోజు ఆయన ముందు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. మెచ్చుకుంటాడని ఎదురు చూస్తున్నాను.

"నీకు పాఠం సెప్పింది ఎవురు? కాగితమా?" అన్నాడు.

తర్వాత మెల్లగా సంగతి చెప్పాడు. యువకుడిగా తమిళ దేశం వైపు ఒక మదరసాలో ఈ పుస్తకమే చదువుతుండగా, ఆ పదకొండు పేజీలు మిగిలినప్పుడు తండ్రి పోయాడని కబురొచ్చింది. ఇంటి పనులు ముగించి తిరిగి వెళ్ళేసరికి గురువును మట్టిలో పెట్టేశారు.

"అప్పట్నుంచీ వాటిని తిప్పి సూస్తా ఉండా. నా కండ్లకు అన్నీ తెలుసు. నా నోటికే అనుమతి లేదు. ఈ దగ్గు నన్ను తీస్కపోయే లోపల ఎవురి ముందరైనా ఒక్కసారి సదివితే సాలు."

"చదివినోళ్ళు ఎవురూ లేరా హజ్రత్?"

"ఒకడుండాడు," అని గోడవైపు తిరిగాడు. "పుంగనూర్లో."

నా నహ్వ్ గురువే! ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదివారట. పుంగనూరాయన వయసులో రెండేళ్ళు చిన్నే అయినా, గురువు పోకముందే పుస్తకం ముగించాడు. మరుసటి రోజే బస్సెక్కాను. అందులో మనుషులు, మేకలు, సదుం సంతకు పోయే గంపలు పోను నాకు మిగిలింది ఒక బొటనవేలు మోపేంత జాగా. పుంగనూరు గురువు నేను చెప్పిందంతా విని, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తప్పు నాదేనప్పా. ఒక పెండ్లిలో, అందరూ పలావు తింటాండంగ, మా అన్న సదువుకు తోక లేదని అన్నాను. అందరూ నగినారు. ఆయన సెయ్యి కడుక్కొని లేసిపోయినాడు. ముప్పై ఏండ్లాయె."

"మీరు కుప్పానికొచ్చి ఆ పేజీలు చెప్పగూడదా?"

"సదివేవాడే గురువు ఇంటికి రావల్ల. ఆయన బస్సెక్కే స్థితిలో లేడు. నేనే పోయి సెప్తానంటే, ముసిలాయనకు దయతలిచి పాఠం సెప్పినాడంటారు. ఇంకోసారి తక్కువ జేసినట్టు గాదా?"

మూడు ఊళ్ళ చదువు నెత్తిన పెట్టుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

పది రోజులకు, ఒక పొద్దున, ఆయనే కుప్పంలో దిగాడు. చేతిలో అదే పుస్తకం. సలాం చెప్పి, అతిథికి పరిచిన దుప్పటి దాటి, మేం శిష్యులం కూర్చునే చాప మీదికి వెళ్ళి మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు.

"అన్నా, మొదటి భాగం మరిసిపోయినాను. ఒక పేజీ సెప్పు."

పెద్దాయన కుడుతున్న అట్ట పక్కన పెట్టాడు.

"నహ్వ్ సెప్పీ సెప్పీ బుర్ర అరిగిపోయిందా?"

"అరిగిపోయింది న్నా."

"అప్పుడే అరిగింటే పెండ్లిలో ఆ మాట వచ్చిండేది గాదు."

"అవును న్నా," అన్నాడు తల వంచుకుని.

పెద్దాయన పుస్తకం తెరవమన్నాడు. తమ్ముడు చదివాడు, అన్న "ఊ" అన్నాడు. సరిగ్గా ఒక్క పేజీ. అది ముగియగానే పెద్దాయన గురువు కూర్చునే తన మెత్త మీదినుంచి లేచి, దాన్ని తమ్ముడివైపు తోసి, తాను చాప మీదికి దిగాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. తన పుస్తకంలో ఆ పదకొండు పేజీల మొదటిది తెరిచాడు.

మూడు రోజులు పట్టింది. రెండు పంక్తులకొకసారి దగ్గు. దగ్గు తగ్గేదాకా తమ్ముడు కదిలేవాడు కాదు, పుస్తకం మీంచి కళ్ళెత్తేవాడు కాదు. తగ్గాక మళ్ళీ ఆ గొంతు, దాని వెంట చిన్న "ఊ". నేను ఎక్కువ చేసి చెప్పే మనిషినని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ మూడు రోజుల గురించి ఎక్కువ చేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

చివరి పంక్తి అయ్యాక తమ్ముడు కాగితం తీసి ఇజాజత్ రాయడం మొదలుపెట్టాడు. సగంలో కలం ఆగింది. అక్కడ రాయాల్సిన మాట అందరికీ తెలుసు: నా శిష్యుడు ఫలానా నా ముందు చదివాడు.

"యాల నిలిపినావు?" అన్నాడు పెద్దాయన.

"ఈడ 'నా అన్న' అని రాస్తా."

"వద్దు. శిష్యుడనే రాయి. సదివింది నీ దగ్గరే గదా."

ఆయన రాశాడు. పెద్దాయన ఆ కాగితం అందుకుని, తడి సిరా మీద నెమ్మదిగా ఊదసాగాడు. ఆయనకున్న ఊపిరికి అది ఆరడానికి చాలాసేపు పట్టింది. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం.