మహేశ్వరం లైను లేవని మధ్యాహ్నం

తొందర నా పుట్టుబుద్ధి. దాన్ని చురుకుదనం అనుకొని చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఇబ్రహీంపట్నంలో నేను పనిచేసే దవాఖానకు మహేశ్వరం, తుక్కుగూడ వైపు నాలుగు చిన్న దవాఖానలుండేవి. గుండెనొప్పితో ఎవరైనా అక్కడికి వస్తే నర్సు ఈసీజీ తీసి పంపేది, ఇక్కడి డాక్టరు చూసి ఏం చేయాలో చెప్పేవాడు. సైకిల్ చక్రంలో పుల్లల్లా ఆ నాలుగు లైన్లూ మా సర్వర్ గదికే చేరేవి. వాటిని చూసుకోవడం నా ఉద్యోగం.

లైను రెండు చివర్లా ఉండే రౌటర్లు పది సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నలభై సెకన్లు పలుకు రాకపోతే లైను తెగిందని తేల్చుకొని రెండో దారి పడతాయి. వానకు లైను తెగినప్పుడల్లా ఆ నలభై సెకన్ల ఆలస్యానికి డాక్టరు విసుక్కునేవాడు. పలకరింపును మూడుకు, ఎదురుచూపును తొమ్మిదికి తగ్గిద్దామని ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. రెండు చివర్లా అవే అంకెలుండాలి, లేకపోతే అవి మాట్లాడుకోవు. అందుకే ముందు ఒక జాగ్రత్త పడతాం: పది నిమిషాల్లో నేను ఆపకపోతే పాత అంకెలతో మళ్లీ లేవమని అవతలి రౌటర్‌కు చెప్పిపెట్టడం. ఒక్క వరుస రాస్తే చాలు. కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పేదాన్ని. ఆరోజు నేను రాయలేదు.

మూడు లైన్లు లేచాయి. మహేశ్వరం లేవలేదు, రెండో దారీ అవే అంకెల మీద నడిచేది కనుక అదీ లేవలేదు. అక్కడి రౌటర్‌లో తొమ్మిదికి బదులు తొంభై కొట్టానని తర్వాత తెలిసింది.

ఇంతలో అక్కడి నర్సు ఫోను.

"చెల్లె, ఈసీజీ పోతలేదు. కల్లు గీసే పెద్దాయన, ఛాతిల నొప్పంటున్నడు. ఫోటో తీసి డాక్టర్ సాబ్ ఫోనుకు పంపనా?"

పంపితే నా తప్పు డాక్టరుకు తెలిసిపోతుంది. పరువు పోతుందని భయమేసింది.

"వద్దక్కా, జర ఆగు. ఐదు నిమిషాల్ల లేపుత" అన్నాను.

కంగారులో ఏం చేసినా లేవలేదు. బండి తీశాను. దారిలో మళ్లీ ఫోను. "తొవ్వలనే ఉన్న అక్కా, వస్తున్న." నేను చేరేసరికి మంచం ఖాళీగా ఉంది. అరగంట చూసి ఆమె నన్నడక్కుండానే ఫోటో పంపింది. డాక్టరు చూసీ చూడగానే ఆయన్ను అంబులెన్సులో సిటీకి పంపించాడు. నర్సు ఆ ఈసీజీ కాగితం నా చేతిలో పెట్టి తన పనిలోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆయన బతికాడు. గుండె సగమే పనిచేస్తోందని, ఇక చెట్టెక్కొద్దని చెప్పారు. ఆ అరగంట వల్లేనా అని డాక్టరును అడిగాను. "కావచ్చు, కాకపోవచ్చు" అన్నాడు. ఆ మాట పెట్టుకొని నిద్రపోవడం కష్టమైంది.

పరీక్షలకు ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడల్లా ఆ పెద్దాయన నా గది ముందు ఆగేవాడు. "నీ మిషిన్లు లేకుంటె నేను పోతుంటి బిడ్డా" అని చేతులు జోడించేవాడు. రెండుసార్లు తల వంచుకొని ఊరుకున్నాను. మూడోసారి నా వల్ల కాలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "బాపూ, గట్ల కాదు" అని అంతా చెప్పేశాను. రాయని వరుస గురించి చెప్పాను. ఫోటో వద్దన్నదీ చెప్పాను.

ఆయన కాయలు కాసిన తన అరచేతులను చూసుకున్నాడు.

"నడుముకు మోకు కట్టకుంట నేను చెట్టెక్కితె నేనే పడుత బిడ్డా. నువ్వు కట్టకుంట ఎక్కితె, నేను పడితి" అన్నాడు.

కోపంగా అనలేదు. మెల్లగా లేచి ఈసీజీ గదికి నడిచాడు. ఇప్పటికీ పరీక్షలకు వస్తాడు. నా గది ముందు ఆగడు.