సైసు లేవి ఎంచిన గుర్రాలు

ఇంగ్లండులో గుర్రాలు పరుగెత్తితే కోసిగి పక్కనున్న ఒక పల్లెలో టీ అంగడి కిటకిటలాడుతుందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మకపోతే మానె, మార్చి నెలలో ఒకసారి వచ్చి చూడండి. అక్కడ చెల్టెనహామ్‌లో పందేలు మొదలయ్యాయంటే ఇక్కడ చిన్న ఈరన్న అంగడిలో బెంచీ మీద జానెడు చోటు దొరకదు. గోపన్న తన ఫోన్లో వచ్చేదాన్ని అంగడి టీవీలోకి ఎక్కిస్తాడు. ఊరికి ఈ పిచ్చి అంటించిన పుణ్యం మాత్రం సైసు లేవిదే.

లేవి ఇరవై ఏళ్ళకు పైగా బెంగళూరులో రేసు గుర్రాల లాయంలో సైసుగా చేశాడు. ఊళ్ళో మిగతావాళ్ళు కరువొస్తే మూటలు కట్టుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గి, అంటే కోత కూలికి, పోయేవారు. లేవి బిల్డింగు పనికని బెంగళూరు పోయి, గడ్డి మోపు మోయడానికి లాయంలోకి వెళ్ళి, ఇక బయటికి రాలేదు. గుర్రాల ఒళ్ళు రుద్దుతూ, వాటికి నీళ్ళు పడుతూ, వాటి పక్కనే కుక్కి మంచం వేసుకుని పడుకుంటూ వయసు గడిపేశాడు. మోకాళ్ళు పట్టేశాక ఊరికి తిరిగొచ్చి, చర్చి గేటు పక్కన పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు. సైకిలుకు గాలి కొట్టాక సీటు మీద చేత్తో రెండుసార్లు తట్టి పంపే అలవాటు మాత్రం పోలేదు.

అన్నేళ్ళు రేసుల్లో మసలినవాడు గుర్రాన్ని ఎంచడంలో దిట్ట అయ్యుంటాడని మీరు అనుకోవచ్చు. అందరూ అలాగే అనుకున్నారు, పాపం. లేవి చెప్పిన గుర్రం గెలిచిన పాపాన పోలేదు. అందరూ గుర్రం కాళ్ళు చూస్తారు, రొమ్ము చూస్తారు, ఎక్కిన రౌతు ఎవరో చూస్తారు. లేవి మాత్రం పందేనికి ముందు గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతారే, అప్పుడు దాన్ని నడిపించే మనిషిని చూస్తాడు. తాడు వదులుగా పట్టుకున్నాడా, గుర్రం మూతి అతని భుజానికి దగ్గరగా ఉందా, మాటమాటకీ అతని జేబు వెతుకుతోందా, ఇదే అతని లెక్క. ఇద్దరికీ పొత్తు కుదిరిందని తోస్తే చాలు, "ఇదే గెలుస్తాది" అని తేల్చేసేవాడు. అది కాస్తా అన్నిటికన్నా వెనక, తోటలో షికారుకు వచ్చినట్టు నింపాదిగా వచ్చేది.

దుడ్లు పెట్టి ఆడటం మాత్రం ఎప్పుడో మానేశాడు. పెళ్ళయిన కొత్తలో భార్య సంతోషమ్మ కాళ్ళ కడియాలు ఒక గుర్రం వెనక పరుగెత్తి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆనాడే ఆమె బైబిలు మీద చెయ్యి వేయించుకుంది. ఇప్పుడు అతను టీ అంగడికి బయలుదేరితే చాలు, ఆమె గుమ్మంలో నిలబడుతుంది.

"దుడ్లు పెట్టలేదు కదమ్మీ. ప్రమాణం తప్పలేదు" అంటాడు లేవి.

"మనసు పెడ్తాండావు కదా. అది మాత్రం దుడ్డు కాదా?" అంటుంది సంతోషమ్మ.

ఆమె మాటలో అబద్ధం లేదు. ఈ ఏడు మాత్రం లేవి మనసు గుర్రాల మీద లేదు, ఓబుళేశు రెడ్డి కొట్టంలో ఉంది.

ఓబుళేశు రెడ్డిది బండలాగుడు పందేల్లో పేరున్న ఎద్దుల జత, రాముడూ భీముడూ. మన దగ్గర తేరు పండగ వచ్చిందంటే బండరాతికి ఎద్దులను కట్టి, ఎవరి జత ఎక్కువ దూరం ఈడిస్తే వాళ్ళది గెలుపు. ఆ రెండు ఎద్దులను బిడ్డల్లా సాకిన జీతగాడు సుంకప్ప, సంక్రాంతి దాటగానే బెంగళూరు బిల్డింగు పనికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ భీముడు మేత సరిగ్గా ముట్టడం లేదు. దగ్గరికి వచ్చినవాడి మీదికల్లా కొమ్ము విసురుతోంది. డాక్టరు వచ్చి జబ్బేమీ లేదని సూది వేసి పోయాడు.

ఈ మాట చెవిన పడినప్పటినుంచీ లేవికి నిద్ర లేదు. లాయంలో మహారాణి అని ఒక ఆడగుర్రం ఉండేది. చెల్లెలి పెళ్ళికని లేవి ఊరికి వస్తే, అతను తిరిగి వెళ్ళేదాకా అది తొట్టిలో మూతి పెట్టలేదు. తరవాత దాన్ని ఎక్కడికో అమ్మేశారు. ఆ పొద్దు లేవి గడ్డివాము వెనక కూర్చుని ఏడ్చాడు. భీముడి బాధేమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా అతనికీ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఊళ్ళో గుర్రం లేదు, ఇంట్లో గొర్రె కూడా లేదు. ట్యూబులను ఎంత నిమిరినా అవి మూతి తిప్పి చూడవు కదా!

ఒకరోజు ధైర్యం చేసి టీ అంగడిలో అడిగేశాడు. "ఓబుళేశన్నా, తేరు దాంకా ఎద్దులను నాకు అప్పజెప్పు. నేను సూసుకుంటా."

ఓబుళేశు టీ గ్లాసు దించి పెద్దగా నవ్వాడు. "ఏమప్పా లేవీ, నువ్వు గుర్రాలోనివి. నీకు ఎద్దులేం తెలుసు? పోనీ గుర్రాలన్నా తెలుసునా అంటే, నువ్వు సెప్పిన గుర్రం ఒగటన్నా గెల్సిందా?"

అంగడంతా గొల్లుమంది. లేవికి రోషం వచ్చింది. "ఈసారి గెలుస్తాది సూడు!" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఓబుళేశు ఆ మాట పట్టుకున్నాడు.

"సరే అయితే. చెల్టెనహామ్ పెద్ద పందెం ఒగటి, లివర్‌పూల్లో గోడలు దుమికే గుర్రాల పందెం ఒగటి. రెండిట్లో యాదాంట్లోనన్నా నీ గుర్రం ముందొస్తే ఎద్దులు నీవి, తేరు దాంకా. రాకపోతే మళ్ళా నా కొట్టం దిక్కు సూడాకు."

చెల్టెనహామ్ సంగతి క్లుప్తంగా చెప్పి ఊరుకుంటాను, లేవి పరువు పోతుంది. అతను ఎంచిన గుర్రం చివరి దానికంటే కూడా వెనక వచ్చింది. చివరిది వచ్చేశాక, కెమెరావాళ్ళు కూడా పక్కకు తిరిగాక, తీరిగ్గా వచ్చింది. మర్నాడు బడి పిల్లలు కూడా సైకిలు గాలికి వచ్చి "లేవి మామా, నీ గుర్రం ఇంటికి చేరిందా?" అని అడిగి పోయారు.

ఇక మిగిలింది ఏప్రిల్లో లివర్‌పూల్ పందెం. ఆ సాయంత్రం ఊళ్ళో మగవాళ్ళంతా పెందలాడే తిండి ముగించి, లేవి మాత్రం తినకుండానే, అంగడికి చేరారు. గుర్రాలను తిప్పుతున్నారు. ఓబుళేశు తన పద్ధతిలో ఎద్దుల సంతలో చూసినట్టు వాటిని చూస్తున్నాడు. "నుదుట సుడి బాగుండాది. రొమ్ము వెడల్పు. మూపురమే లేదు గానీ, పాపం, దానిదేం తప్పు" అంటూ ఒక నల్లదాన్ని ఎంచాడు.

లేవి ఏ గుర్రాన్నీ చూడలేదు. జడ ఊడిపోయి, బూట్ల నిండా బురదతో నడుస్తున్న ఒక పిల్ల మీద అతని కళ్ళు ఆగాయి. ఆమె పక్కన మొహం మీద తెల్లమచ్చ ఉన్న ఎర్రగుర్రం. తాడు వదులుగా వేలాడుతోంది. గుర్రం ఆమె కోటు జేబులో మూతి దూర్చింది. ఆమె చూడకుండానే దాని చెవి వెనక గోకింది.

"బొల్లిది" అన్నాడు లేవి.

పందెం మొదలైంది. మూడో గోడ దగ్గర బొల్లిది కాస్త తడబడింది. రౌతు ఎగిరి గడ్డిలో పడ్డాడు. "అయిపాయె!" అన్నాడు చిన్న ఈరన్న. కానీ బొల్లిది ఆగలేదు. వీపు మీద బరువు దిగేసరికి దానికి హుషారు పుట్టింది. ఒక్కో గోడా దుముకుతూ, ఒక్కోదాన్ని దాటుతూ, చివరికి అన్నిటికన్నా ముందు గీత దాటేసింది.

అంగడి కప్పు లేచిపోయింది. కొందరు గెలిచిందన్నారు, కొందరు రౌతు లేడు కదా అన్నారు. అందరూ ఓబుళేశు వైపు తిరిగారు. బండలాగుడు పందేలకు తీర్పరిగా పిలిచే మనిషి, అందులోనూ ఇది ఆయన పందెమే. ఆయన మీసం సవరించుకున్నాడు.

"మా నాయన కాలం నుంచీ ఉండే లెక్క సెప్తా. తోలేవాడు పడిపోయినా, ఎద్దులు ఈడ్సినంత దూరం లెక్కకొస్తాది. మనిషి పడితే జంతువుదేం తప్పు? గుర్రం ముందొచ్చినాది. నేను ఓడిపోతి, లేవి గెల్సినాడు."

లేవిని ఎత్తుకుందామని నలుగురు లేచారు. అతను వాళ్ళను తోసేసి టీవీ ముందుకు వెళ్ళాడు.

"ఆ గుర్రం యాడికి పోయినాది? ఎవురన్నా పట్టుకునిరా?"

"గెల్సినావప్పా నువ్వు! ఎద్దులు నీవే!" అని గోపన్న అరిచాడు.

"పగ్గం కాళ్ళ మధ్య యాలాడ్తాండాది, సూడ్లేదా? కాలు దాంట్లో పడితే ఎముక ఇరుగుతాది!" టీవీ వాళ్ళు గెలిచిన రౌతునే చూపిస్తున్నారు. లేవి మెడ చాచి, వాళ్ళ వెనక, తెర మూల ఎక్కడైనా తెల్లమచ్చ కనిపిస్తుందేమోనని వెతుకుతున్నాడు.

కాసేపటికి కనిపించింది. ఆ బురద బూట్ల పిల్ల పరుగెత్తి వచ్చి పగ్గం అందుకుని, గుర్రం మెడ చుట్టూ రెండు చేతులూ వేసి ఏడుస్తోంది. గుర్రం ఆమె జేబు వెతుకుతోంది. లేవి కూడా ఏడ్చాడు. దాచుకోలేదు. తరవాత కళ్ళు తుడుచుకుని ఓబుళేశు ముందు నిలబడ్డాడు.

"ఇది గెలుపు కాదన్నా. ఆడ రౌతు లేని గుర్రం లెక్కలోకి రాదు. అది రేసుల్లో తిరిగినోనికి నాకు తెలుసు. తెల్సి తెల్సి నీ ఎద్దులను ఎట్ల పట్టుకునేది? నేను ఓడిపోతి."

అంతే, చెప్పులు వేసుకుని ఇంటికి నడిచాడు. గుమ్మంలో ఉన్న సంతోషమ్మ అతని మొహం చూసి, తిట్టాలనుకున్నవన్నీ మింగేసింది. జరిగిందంతా విన్నాక ఒకటే అడిగింది.

"ఆ గుర్రం దొరికినాదా?"

"దొరికినాది."

"అయితే వచ్చి ఇంత సంగటి తిను."

మర్నాడు పొద్దున లేవి అంగడి తలుపు తీసేసరికి చర్చి గేటు దగ్గర ఓబుళేశు రెడ్డి, చేతిలో భీముడి ముకుతాడు. పంక్చరుకు ఎద్దును తెచ్చినవాణ్ణి అంతవరకూ ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"పందెం ఓడిపోతి కదన్నా" అన్నాడు లేవి.

"ఓడిపోతివిలే. ఎవురు కాదన్రు? గుర్రాన్ని ఎంచేది నీకు ఈ జన్మకు రాదు." ఓబుళేశు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రేత్రి ఊరంతా ఎవురు గెల్సిన్రని కొట్లాడ్తాంటే, నువ్వు ఒగనివే పగ్గం యాడుండాదని ఎతుకుతాంటివి. నేను కూడా సూడ్లేదప్పా ఆ పగ్గాన్ని. ఇన్నేండ్లు ఎద్దులు సాకినా, నేను కూడా సూడ్లేదు. ఇంద, పట్టుకో."

లేవి తాడు అందుకున్నాడు. బిగించలేదు, వదులుగా వదిలేసి పక్కన నిలబడ్డాడు. భీముడు కొమ్ము విసిరింది. లేవి కదల్లేదు. ఏదో కన్నడంలో, లాయం భాషలో, దానికి మాత్రమే వినపడేట్టు మాట్లాడుతూ చెవి వెనక గోకాడు. చాలాసేపటికి భీముడు బుస్సున గాలి వదిలి, మూతి చాచి అతని చొక్కా జేబు వాసన చూసింది. జేబులో బెల్లం ముక్క ఉంది. సైసు జేబులో ఎప్పుడూ ఉంటుంది, గుర్రం లేని ఊళ్ళో కూడా.

సంతోషమ్మ ఇంటినుంచి ఉడికిన ఉలవలు గంపలో తెచ్చి కింద పెట్టింది. భీముడు ఒకసారి లేవి వైపు చూసి, గంపలోకి తల వంచింది. అది నమిలే చప్పుడు వింటూ ఓబుళేశు రెడ్డి మొహం అటు తిప్పుకుని, చర్చి గోడ మీద ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.