బండి నోటికి పసుపు

పొద్దున్నే బండి తుడిచి దీనా స్టార్ట్ చేసి చూసుకునే చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. ఒక్కసారి నొక్కేది, అంతే. రెండోసారి నొక్కగా నేనెప్పుడూ వినలేదు. 2007లో వానలు మొదలయ్యేసరికి ఆ చప్పుడు చెవిన పడకుండా ఉండాలని సరిగ్గా ఎనిమిదింటికి మిక్సీ వేసుకోవడం నాకు అలవాటైపోయింది.

దీనా మా పక్క వాటాలో అద్దెకుండేది. ఎలమంచిలికి అవతల ఒక పల్లెలో ఏఎన్ఎం. పుట్టింది కోటవురట్లలో. తండ్రి తిమోతి అక్కడ కిరసనాయిలు డీలరు. పదో తరగతి అయ్యాక ట్రైనింగు చేసి, పందొమ్మిదో ఏట ఉద్యోగంలో చేరి, తొమ్మిదేళ్ళు సైకిలు మీదే ఊళ్ళు తిరిగింది. వాన పడితే పోలియో చుక్కల పెట్టెకి గొడుగు పట్టి తను తడిసేదట. భర్త సురేష్ బాబు లారీ డ్రైవరు, నెలకి రెండుసార్లు ఇంటికి వస్తే గొప్ప. ఇద్దరు మగపిల్లలు కోటవురట్లలో అమ్మమ్మ శాంతమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నారు. శనివారం సాయంత్రం దీనా అక్కడికి వెళ్ళి, ఆదివారం పిల్లలతో చర్చికి వెళ్ళి, చీకటి పడేలోగా తిరిగి వచ్చేది. ఇవన్నీ నాకు మొదటి నుంచీ తెలుసు. అప్పట్లో వీటి గురించి ఆలోచించలేదు, అంతే.

నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఎలమంచిలిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. అదే ఆవరణలో ఉన్న బడిలో మా పాప వైషు యూకేజీ. ఇద్దరం కలిసి వెళ్ళి రావచ్చని స్కూటరు కొన్నాం. పాపని ముందు నిలబెట్టి, నా చున్నీతో నా నడుముకి కట్టుకునేదాన్ని. హైవే మీద లారీ దాటిన ప్రతిసారీ దాని వేగమెంతో, మాకు దానికీ దూరమెంతో లెక్కవేసేదాన్ని. చదువు అలాంటిది, భయం వేసినా అంకెల్లోనే వేస్తుంది.

బండి తీసుకున్న రోజున దీనా కూడా తన బండి కోసం షోరూముకి వచ్చింది. ఒకే మోడల్, ఒకే వంకాయ రంగు బళ్ళు రెండు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. సేల్స్ కుర్రాడు మాకని ఒకటి చూపించాడు. మా అత్తగారు అమ్మణ్ణి దాని చుట్టూ తిరిగి, అది దక్షిణం వైపు తిరిగి ఉందని, యముడి దిక్కు చూస్తున్న బండి వద్దని, తూర్పు వైపు తిరిగి ఉన్న రెండోదాన్ని తీయించారు. దీనా నవ్వి, దక్షిణం బండి తాళం చేతిలోకి తీసుకుంది. "మా డ్యూటీ దచ్చినం వైపే కదండీ, దానికి దారి తెలుసుంటాది," అంది. ఆమెతో వచ్చిన పాస్టరుగారు హేండిల్ మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు ప్రార్థన చేశారు. ఆమె వెళ్ళిపోయింది.

మేము నూకాలమ్మ గుడికి వెళ్ళాం. చక్రాల కింద నిమ్మకాయలు, హేండిల్‌కి పూలదండ, లైటు మీద పసుపు, కుంకుమ. ఇంటికి వచ్చాక అత్తగారు సీటు ఎత్తించి పెట్రోలు మూత మీద కూడా పసుపు ముద్ద పెట్టి, దాని మీద కుంకుమ అద్దారు. అదెందుకని అడిగాను.

"అది దాని నోరే అమ్మా. తిండి తినే కాడ బొట్టెట్టకపోతే ఎలాగ?" అన్నారు.

నాకు ముద్దుగానే అనిపించింది. మూత మధ్యలో చిన్న గుంట ఉంది, బొట్టు కోసమే చేసినట్టు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం గడపతో పాటు బండికీ పసుపు అయ్యేది.

మూడో వారం నుంచి బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. ఊళ్ళో తిరిగినంతసేపూ శుభ్రంగా నడిచేది. మా ఊరి నుంచి ఎలమంచిలి వెళ్ళే హైవే ఎక్కి కశింకోట దాటాక, తాళ్లపాలెం ఇంకా వస్తుందనగా, ఆయాసపడినట్టు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయేది. పక్కకి తీసి అరగంట నిలబడితే మళ్ళీ స్టార్టయ్యేది. ఈలోగా లారీలు. పాపని రోడ్డుకి దూరంగా తుప్పల దగ్గర నిలబెట్టి, అక్కడ పాములుంటాయేమోనని మళ్ళీ ఎత్తుకునేదాన్ని.

అలా నిలబడ్డప్పుడల్లా వెనక నుంచి దీనా వచ్చేది. ఆగి, పాపని తన బండి మీద ఎక్కించుకుని బడి దగ్గర దింపేది. మొదటిసారి కృతజ్ఞతతో కళ్ళు చెమర్చాయి. నాలుగోసారికి ఆమె బండి దూరాన కనిపించగానే వైషు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నాకు గుచ్చుకున్నాయి.

పాప దీనా ముందు నిలబడి వెళ్ళేటప్పుడు ఇద్దరూ ఏదో పాట పాడుకునేవారు. నా బండి మీద పాప పాడదు. పాడితే ఎలా, "గట్టిగా పట్టుకో, తల తిప్పకు, నోరు మూసుకో, పురుగులు పోతాయి," అంటూ దారంతా నేనే మాట్లాడుతుంటాను. దీనాకి భయం లేదు. ఎందుకుంటుంది, ఆమె బండి ఆగదుగా. అది మొదట నాకు చూపించిన బండి. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అనుకునేదాన్నో చెప్పడానికి సిగ్గేస్తుంది.

షోరూముకి మూడుసార్లు తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ పరదేశి మంచివాడే. మొదటిసారి పెట్రోలు కల్తీ అన్నాడు. మూత తీసి వాసన చూసి, బండి బయటికి తీసి ఒక చుట్టు తిరిగి వచ్చి, "బండికేటీ నేదు మేడమ్," అన్నాడు. రెండోసారి వారంటీలో ప్లగ్గు మార్చాడు. మూడోసారి కార్బురేటర్ విప్పి కడిగి నాలుగు రోజులు ఉంచుకున్నాడు. ప్రతిసారీ అక్కడ బాగానే నడిచేది, హైవే మీదే ఆగేది. పరదేశికి నా మీదే అనుమానం వచ్చినట్టుంది. యాక్సిలేటర్ ఎలా తిప్పుతున్నారని అడిగాడు. మగవాళ్ళని అలా అడుగుతాడా అనుకున్నాను.

బండి షోరూములో ఉన్న ఆ నాలుగు రోజులూ నేను బస్సులో వెళ్ళాను. వైషు దీనాతో వెళ్ళింది. రెండో రోజు సాయంత్రం నా జడ చూసి, దీనా ఆంటీలాగ పిన్నులు పెట్టుకోమంది.

నేనొక నోటు పుస్తకం పెట్టాను. తేదీ, బయలుదేరిన టైము, ఎండ ఎంత, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఎన్నో కిలోమీటరు దగ్గర ఆగింది. ట్యాంకు నిండా కొట్టించిన రోజుల్లో ఇంకా త్వరగా ఆగుతోందని కనిపెట్టి గ్రాఫు కూడా గీశాను. దీనా బండికి పక్కనే ఒక కాలమ్. ఏ ప్రయోగానికైనా పోల్చి చూసుకోవడానికి తేడా లేనిదొకటి ఉండాలి కదా. అదే మోడల్, అదే రోజు కొన్నది, అదే బంకు, అదే రోడ్డు. ఉన్న తేడాలన్నీ ఒక పేజీలో రాశాను, ఆమె బరువు నాకన్నా ఎక్కువని కూడా. అది మాత్రం కొంచెం సంతోషంగా రాశాను. ఆమె కాలమ్‌లో ప్రతిరోజూ 'ఆగలేదు'. ఏదో ఒక రోజు ఆ మాట కొట్టేయాలని ఎదురుచూశానంటే అబద్ధం కాదు.

గ్రాఫు జతచేసి కంపెనీకి ఉత్తరం రాశాను. సోమవారం విశాఖపట్నం నుంచి ఇంజినీరు వస్తాడని, అవసరమైతే వారంటీలో కార్బురేటర్ మొత్తం మార్చేస్తారని షోరూము నుంచి ఫోను వచ్చింది. మా ఆయన రామ్‌గోపాల్ బెల్లం మార్కెట్లో గుమాస్తా. తక్కువ మాట్లాడే మనిషి. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పారు.

"సుమా, అంతవరకూ పాపని దీనాతో పంపించు. ఇంజినీరు చూసేకా మళ్ళీ ఆగిందనుకో, ఇక వైషు ఎప్పటికీ ఆవిడతోనే ఎల్తాది. బండి అమ్మేద్దాం."

హైవే మీద బిడ్డతో నిలబడేది నేను. ఆయన చెప్పింది సరైనదని నాకే ఎక్కువ తెలుసు. కానీ 'ఎప్పటికీ' అన్న మాట నాతో పాటు పడుకుంది, నాతో పాటు లేచింది.

మర్నాడు శనివారం. ముందు దీనా, ఆమె ముందు వైషు. వెనక నేను. చున్నీ నడుముకి కట్టకుండా భుజం మీదే ఉంది, ఆ తేలిక భరించలేకపోయాను. వాళ్ళిద్దరి తలలూ ఒకేసారి ఊగుతున్నాయి. పాట. కశింకోట దాటింది. తాళ్లపాలెం ముందు నా బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

దీనా అద్దంలో చూసి వెనక్కి తిరిగింది. పాపని దింపి చెయ్యి పట్టుకునే అడిగింది.

"పెట్రోలుందా అక్కా?"

నిన్న సాయంత్రమే నిండా కొట్టించానని, పరదేశి కూడా ఎప్పుడూ ముందదే చూస్తాడని కటువుగా చెప్పాను. ఆమె పట్టించుకోలేదు. నా తాళం తీసుకుని సీటు ఎత్తి, మూత తిప్పింది. అది వెంటనే రాలేదు. రెండు చేతులతో పట్టి తిప్పింది. లోపలికి గాలి పీల్చుకున్నట్టు పెద్ద చప్పుడైంది.

"బండి ఊపిరి తీసింది," అంది వైషు.

దీనా మూతని వెలుతురుకి పట్టి చూసింది. గుంటలో పసుపు, కుంకుమ, పసుపు, కుంకుమ, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గీకి, తన కొంగుకున్న పిన్నీసు తీసి పొడిచింది. గుంట అడుగున సూది మొనంత కన్నం బయటపడింది.

"మా నాన్న కిరసనాయిలు డబ్బాకి ఎప్పుడూ రెండు కన్నాలు పెట్టేవోడక్కా," అంది. "ఒకటి నూనికి, ఒకటి గాలికి. ఒక్కటే ఎడితే డబ్బా బోర్లించినా సుక్క దిగదు. మీయత్తగారు నోటికి బొట్టెట్టేననుకున్నారు గానీ, ముక్కు మూసేసేరు."

నా కుడి చేతి చూపుడువేలు కేసి చూసుకున్నాను. ఎనిమిదేళ్ళుగా పిల్లలకి పిపెట్ అనే గాజు గొట్టం పట్టుకోవడం నేర్పుతున్నాను. పై కొనని ఈ వేలితోనే మూసి, చూడండి, గాలి వెళ్ళకపోతే కింద నుంచి ద్రవం దిగదు, వేలు వదిలితే దిగుతుంది అని. నిండా ఉన్న ట్యాంకు ఎందుకు త్వరగా ఆగిందో ఇప్పుడు తెలిసింది, లోపల గాలికి చోటు తక్కువ. షోరూములో ఎందుకు నడిచిందో తెలిసింది, నేను వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళు ముందు మూతే తీసేవారు. తేడాల పేజీలో ఆమె బరువు రాశాను. పసుపు రాయలేదు. మా ఇంట్లో గడప మీద ఉన్నదాన్ని కొత్తగా చూడటం నాకు చేతకాలేదు.

పదో తరగతి చదివిన మనిషి పిన్నీసుతో తేల్చేసింది. ఆ క్షణంలో సంతోషం రావాలి. వచ్చింది అసూయే, ఇంతకుముందు కన్నా ఎక్కువ. బండి బాగుండటమొకటే కాదు, తెలివీ ఆమెదే అయింది.

మూత బిగించాను. ఒక్కసారి నొక్కాను. స్టార్టయింది.

"ఇంట్లో అత్తగారికి చెప్పకక్కా, పెద్దావిడ బాధపడతారు. ఎవరైనా అడిగితే కంపెనీవోళ్ళు బాగుచేసేరను," అంది దీనా. తర్వాత పాప జుట్టు సవరిస్తూ, నా వైపు చూడకుండా, మామూలు మాటలాగే అంది. "ఇంక మీ పాప మీ బండెక్కీవచ్చు. మావోళ్ళు ఆదివారం తప్పితే నా బండెక్కరు."

ఎలమంచిలి దాకా ఆమె వెనకే వెళ్ళాను. బండి ఆగలేదు.

సోమవారం ఇంజినీరు వచ్చాడు. నా గ్రాఫు చేతిలో పట్టుకుని, చాలా బాగా గీశారని మెచ్చుకున్నాడు. నేను మూత తీసి కన్నం చూపించాను. పరదేశి నవ్వు ఆపుకోలేక పక్కకి వెళ్ళిపోయాడు. కార్బురేటర్ మార్చాల్సిన పని లేదని నా చేతే రాయించుకున్నారు. ఎవరు కనిపెట్టారని ఇంజినీరు అడిగితే ఒక్క క్షణం ఆగి, మా పక్కింటావిడ అని చెప్పాను. ఆ క్షణం ఎందుకు ఆగానో నాకు తెలుసు.

అత్తగారికి మాత్రం, మూతకి పసుపు తగిలితే రంగు పోతుందని కంపెనీవాళ్ళు చెప్పారన్నాను. ఆవిడ కొంచెం ఆలోచించి, శుక్రవారం బొట్టుని లైటుకి, చక్రాలకి సరిపెట్టారు.

మంగళవారం చున్నీ మళ్ళీ నడుముకి కట్టాను. వైషు నా ముందు నిలబడింది. నోరు మూసుకోమని ఒక్కసారి కూడా అనలేదు, పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. అయినా పాప పాడలేదు. కశింకోట దాటింది. తాళ్లపాలెం దగ్గరికి వచ్చేసరికి పాప హేండిల్ మీద చేత్తో తట్టింది.

"ఇప్పుడు ఆగుతాది," అంది.

ఆగలేదు. పాప తల ఎత్తి నా కేసి చూసింది. నేను ఇన్నాళ్ళూ కోరుకున్న చూపు కాదది. వెనక అద్దంలో వంకాయ రంగు బండి మమ్మల్ని దాటకుండా, కొంత దూరం ఉంచుకుని, ఒంటరిగా వస్తోంది.

"ఆగదామ్మా?" అని అడిగింది వైషు.

శుక్రవారం ఆగుతుందని చెప్పాను.

అప్పటి నుంచి శుక్రవారాలు తాళ్లపాలెం ముందు, బాగున్న బండిని పక్కకి తీసి నిలిపేదాన్ని. మొదటిసారి దీనా కంగారుగా వచ్చి సీటు ఎత్తబోయింది. బండికేమీ లేదు, పాపని ఎక్కించుకోమన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, వైషుకి చెయ్యి అందించింది.

వెనక నేను వెళ్ళేదాన్ని. వాళ్ళు పాడుకునేవారు. ఎన్ని పాటలయ్యాయో లెక్కపెట్టకుండా ఉండలేకపోయేదాన్ని. పుస్తకంలో దీనా పేరు మీద ఉన్న కాలమ్‌ని నేనింకా కొట్టేయలేదు.