చెరపని నాలుగు

శుక్రవారం పొద్దున, డ్యూటీ మారే వేళ, హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దక్క పోయింది. సూర్యాపేటలో నేను నర్సుగా పనిచేసే దవాఖానలో ఆమె హెడ్ సిస్టర్, మా నర్సులందరికీ పెద్దక్క. మిర్యాలగూడలో పుట్టి, కోదాడలో కాపురముండి, మా వార్డులోనే జుట్టు నెరిసిన మనిషి.

హైవే మీద దెబ్బలు తగిలినవాళ్లంతా మా దగ్గరికే వస్తారు. ఛాతీ దెబ్బకు మాకొక స్కోరు ఉంది. వయసెంత, పక్కటెముకలు ఎన్ని విరిగాయి, రెండు వైపులా విరిగాయా, ఊపిరితిత్తి ఎంత కమిలింది, ఈ నాలుగింటికీ అంకెలు వేసి కూడాలి. ఐదుకు చేరిందంటే ప్రాణం మీదికి రావచ్చని అర్థం. డాక్టర్లు దాన్ని కేస్ షీట్‌లో పెన్నుతో రాస్తారు. పెద్దక్క మాత్రం తెల్ల ప్లాస్టర్ ముక్క మంచానికి అంటించి, దాని మీద పెన్సిల్‌తో రాయించేది. డ్యూటీ ఎక్కిన ప్రతి నర్సూ రోగిని దగ్గమని, ఒక్క ఊపిరిలో ఒకట్లు చదవమని చూసి, అనుమానమొస్తే మళ్లీ ఎక్స్‌రే తీయించి, పాత అంకె చెరిపి కొత్తది వేయాలి. అంకె మారకపోయినా సరే, చెరిపి అదే అంకె వేయాలి.

"అదే అంకెకు మళ్ల చెరుపుడెందుకక్కా?" అని నేను విసుక్కుంటే, "ఎక్స్‌రే నిన్నటిది బిడ్డా, మనిషి ఇయ్యాల్టోడు" అనేది.

ఒకసారి పెన్‌పహాడ్ నుంచి గొర్లకాపరి తాత నడుచుకుంటూ వచ్చాడు. బండి గుద్దిందట. గొర్లు ఆగమైతయని ఒకటే పోరు. ఒకట్లు చదవమంటే రాదన్నాడు. "అయితే నీ గొర్ల పేర్లు చెప్పు" అంది పెద్దక్క. పొద్దున ఒక్క ఊపిరిలో పద్నాలుగు గొర్లు. సాయంత్రానికి ఆరే. ఆమె పరుగెత్తింది, డాక్టరును పట్టుకొచ్చింది, తాత బతికాడు. "ఎముక ఇరిగినోడు నవ్వుకుంటనే వస్తడు, వాని నవ్వు జూసి మోసపోకు" అని ఆ రోజే చెప్పింది. నేను తలూపాను కూడా.

పోయిన వారం డ్యూటీకి వస్తుంటే మునగాల దగ్గర ఆమె ఎక్కిన ఆటో పల్టీ కొట్టింది. ఒకే వైపు మూడు ఎముకలు విరిగాయి, ఊపిరితిత్తి కమిలినట్టు ఎక్స్‌రేలో కనపడలేదు. వయసుకు రెండు, ఎముకలకు రెండు. నేనే కూడి, నేనే 'నాలుగు' అని వేశాను.

మర్నాడు పొద్దున మంచం దగ్గరికి వెళ్లి, "జర దగ్గి సూపిస్తవా అక్కా?" అన్నాను.

"నాకేమైందే, మంచిగనే ఉన్న. మూడో మంచం ముసలామెను సూడుపో" అంది, నవ్వుతూ.

వెళ్లిపోయాను. నాకు లెక్క నేర్పిన మనిషిని ఒకట్లు చదవమనడానికి సిగ్గేసింది. తర్వాత అడిగితే, రాత్రి డ్యూటీ అమ్మాయి కూడా అందుకే అడగలేదంది. ఇంత మర్యాద మాకెవరు నేర్పారో, దాని నోట్లో మన్ను పడ!

మధ్యాహ్నం మూడింటికి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. "ఒకట్లు చదువక్కా, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. ఏడు దగ్గర ఆగిపోయింది. కళ్లు తిప్పి ప్లాస్టర్ ముక్క వైపు చూసింది. "ఇది నిన్నటిదే గదనే" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కొత్త ఎక్స్‌రేలో ఒక వైపు ఊపిరితిత్తి చాలామటుకు కమిలి తెల్లబడింది. దానికి మూడు, పాత నాలుగుతో కలిస్తే ఏడు. ఆ ఏడును హైదరాబాద్‌కు పంపే కాగితం మీద పెన్నుతో రాశాను. అంబులెన్స్ తలుపు వేసేదాకా ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆమె నోట మళ్లీ మాట రాలేదు.

పొద్దున్నే చూసి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. "ఏమో, చెప్పలేం" అన్నారు. ఆ 'ఏమో'తో ఎట్లా బతకాలో నాకు తెలియడం లేదు.

మిర్యాలగూడలో ఆమెను సాగనంపి వచ్చి డ్యూటీ ఎక్కాను. వార్డులో అన్ని మంచాలకూ ప్లాస్టర్ ముక్కలున్నాయి. చెరిపి చెరిపి నల్లగా మాసిపోయి, అంచులు లేచిపోయి ఉన్నాయి. ఆమె పడుకున్న మంచానిది ఒక్కటే తెల్లగా ఉంది. దాని మీద నా చేతిరాతలో నాలుగు.